వాకిళ్లు రాసిచ్చిన అన్న

పోయిన గురువారం పద్మజ ఫోన్ చేసింది. డిగ్రీ మూడేళ్లూ హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న మనిషి. ఏ కబురైనా ముందు నవ్వి, ఆ తరువాత చెప్పడం ఆమె అలవాటు. ఆ రోజు నవ్వలేదు.

"జిరాక్స్ అన్న పోయినాడంటనే. ఆళ్లగడ్డలో. మొన్ననే మట్టి చేసినారంట."

తరువాత తనే, "నువ్వు ఆ పొద్దు అట్లా అడగకుండా ఉండాల్సింది" అంది. నేను నోరు తెరవకముందే "సరేలే, ఉంటా" అని పెట్టేసింది.

ఆ పొద్దు నేనేమి అడిగానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. మాలో ఎవరమూ ఆయనను పేరుతో పిలిచిన వాళ్లం కాదు. ఆ పేరు నాకు ఆయన పోయాక పద్మజ పంపిన ఫోటో కింద చదివితేనే తెలిసింది. మూడేళ్లు ఒక మనిషి బల్ల ముందు కూర్చుని ఆయన పేరు అడగని నేను, కాలేజీలో ప్రశ్నలు అడగడంలో దిట్టనని పేరు తెచ్చుకున్నాను.

నంద్యాలలో మా కాలేజీ గేటుకు ఎదురుగా మూడు జిరాక్స్ అంగళ్లుంటే ఆయనది నడిమిది. రోజూ ఉదయం ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో పోయేవాడు. వాళ్లది రాళ్లు చెక్కే ఇల్లు. తండ్రీ అన్నలూ విగ్రహాలు చేసేవారు. ఈయనకు రాతిదుమ్ము పడక ఆయాసం పట్టుకుంటే కాగితాల పనిలోకి వచ్చాడు. చేతికి మాత్రం రాతి అలవాటు పోలేదు. ఏ కాగితమిచ్చినా ముందు దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి, అంచు వెలుతురుకెత్తి చూసి, ఆ తరువాతే మిషను అద్దం మీద బోర్లించేవాడు. పదో తరగతి మెమో అయినా, చిరిగిన రేషన్ కార్డయినా ఆయన చేతిలో ఒకే మర్యాద దొరికేది.

నన్ను "లాయరమ్మా" అనేవాడు. నేను చదివింది బీఎస్సీ. అయినా మొదటి ఏడాదే కాలేజీ డిబేట్ జట్టులో చేరానని తెలిసిన రోజు నుంచి నాకు ఆ పేరు ఖాయం చేశాడు.

"ఏం లాయరమ్మా, ఈ పొద్దు యాడ కొట్లాటకు పోతాండావ్?"

"కొట్లాట కాదన్నా, చర్చ."

"రెండిట్లోనూ గొంతే కదమ్మా పెంచేది."

ఆయన చదివే తీరు నేను మరెక్కడా చూడలేదు. ఆయన మిషను ఒకేసారి రెండు వైపులా అచ్చు వేసేది కాదు. ముందు బేసి పేజీలన్నీ వరుసగా వచ్చి పడేవి. ఆ దొంతరను తిరగేసి మళ్లీ పెడితే వెనకవైపు సరి పేజీలు పడేవి. వచ్చిన పేజీ వచ్చినట్టే, ఒక్కో మాట మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేవాడు. అందుచేత ఏ పుస్తకాన్నయినా ఆయన మొదట సగమే చదివేవాడు. తక్కిన సగం మనసులో తనే కట్టుకునేవాడు. దొంతర తిరగేశాక, తాను అనుకున్నదాన్నీ అచ్చయినదాన్నీ సరిపోల్చి, ఒప్పుకుంటే తల ఊపేవాడు, ఒప్పుకోకపోతే "ఇట్ల రాసినాడేందప్పా" అని గొణిగేవాడు.

మా కాలంలో పిల్లలకు పిచ్చి పట్టించిన నవలల వరుస ఒకటి ఆయన దగ్గరికి ఇలాగే చేరింది. మాంత్రికుల నగరం ఒకటి, దానికి ఐదు వాకిళ్లు. లోపలికి పోవాలనుకునే మనిషికి తన స్వభావాన్ని బట్టి ఒకే ఒక్క వాకిలి తెరుచుకుంటుంది. ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలు. మా సీనియర్లెవరో ఆయన చేత అచ్చు వేయించి స్పైరల్ బైండింగ్ చేయించారు. అవి చేతులు మారి మారి మాదాకా వచ్చాయి. ఇలా అచ్చు వేయడం దొంగతనం కాదా అని ఒకసారి అడిగాను. "అవునమ్మా" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా తక్కిన వాదన ఎటూ పోలేక ఆగిపోయింది.

వాకిళ్లకు తెలుగు పేర్లు పెట్టింది ఆయనే. వెనకాడని వాళ్లది నిప్పు, అందరిలో కలిసిపోయే వాళ్లది నది, ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లది అద్దం, ఓర్చుకునేవాళ్లది వేరు, మనసులో మాట దాచుకోగలిగిన వాళ్లది నీడ. ఇంగ్లీషు పేర్లు తెలిసిన వాళ్లు కూడా మా దగ్గర ఈ పేర్లే వాడేవారు.

మూడో పుస్తకం సరి పేజీలు ఆయన ఎప్పుడూ చూడలేదు. అచ్చు వేయమన్న మనిషి నడుమనే మనసు మార్చుకుని పోయాడట. అయినా ఆ కథ ఆయన నిండుగా చెప్పేవాడు. వాకిలి కాపలా కాసే ముసలామె, లోపలికి పోయే ఒక్కొక్కరినీ ఆపి, "నిన్ను సాగనంపడానికి ఎవరు వచ్చినారు?" అని అడిగే ఘట్టం చెప్తుంటే ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు కళ్లు తుడుచుకునేవారు. సెలవుల్లో ఇంట్లో పుస్తకం మొత్తం ఫోన్లో చదివిన దాన్ని కనుక నేను చెప్పాను.

"అన్నా, ఆ ముసలామె అట్లా అడగదు. పుస్తకంలో ఆ మాటే లేదు."

"లేదా?"

"లేదు."

"అయితే రాసినోళ్లు మర్చిపోయింటారు" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నాకు అప్పటికే అనుమానాల పట్టీ ఒకటి మొదలైంది.

ఎవరికి ఏ వాకిలో తేల్చే ప్రశ్నావళి ఇంటర్నెట్‌లో ఉంది. కానీ మా హాస్టల్లో ఫోన్లు వార్డెన్ బీరువాలో ఉండేవి. పైగా ఆ ప్రశ్నల ఇంగ్లీషు సగం మందికి కొరుకుడు పడేది కాదు. అందుకని ఆయన తనే ఒక కాగితం తయారు చేశాడు. రెండు వైపులా కలిపి ఇరవై ప్రశ్నలు, తెలుగులో, మన ఊళ్లకు పనికొచ్చేట్టు. ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది: "బస్సులో సీటు కోసం కిటికీలోంచి కర్చీఫ్ వేసినావు. ఎక్కి చూస్తే ఆ సీట్లో ఒక ముసలామె కూచోని ఉంది. ఏం చేస్తావు?" లేపుతాను, నిలబడతాను, కర్చీఫ్ మాత్రం అడిగి తీసుకుంటాను, అది నాది కాదన్నట్టు ఉంటాను అని కింద నాలుగు జవాబులు.

ఆదివారం మమ్మల్ని హాస్టల్ నుంచి రెండు గంటలు బయటికి వదిలేవారు. ఆ రెండు గంటలూ ఆయన బల్ల చుట్టూనే. ఊళ్లో గదులు తీసుకున్న మగపిల్లలూ వచ్చేవారు. కాగితం నింపి ఇస్తే ఆయన దాన్ని నిమిరి, వెలుతురుకెత్తి చూసి, ఎర్ర పెన్నుతో పైమూలన ఒక్క మాట రాసిచ్చేవాడు. ఆ మాట కోసం ఊపిరి బిగబట్టేవాళ్లం. ఆ తరువాత రచ్చ.

"నీడోళ్లంతా ఇంతేప్పా, ఏమడిగినా చెప్పరు."

"మీ వేరోళ్లకు తిండి తప్ప ఏం తెలుసని? మెస్సులో చారు నీళ్లగున్నా ఓర్చుకుంటారు."

"ఓర్చుకోకుంటే నువ్వు పోయి వండుతావా?"

"ఒసే నదీ, నువ్వు గమ్మునుండు. ఎవరేమన్నా అవునంటావు."

పద్మజది నది. నాది అద్దం. నా కాగితం మీద ఆ మాట రాస్తూ, "నీకు ఇది కాక ఇంకేముంటాదమ్మా" అన్నాడు. ఆ రోజు హాస్టల్‌కు తిరిగి పోతుంటే నా నడకే మారిందని పద్మజ వెక్కిరించింది. మారే ఉంటుంది. నిజం నా సొత్తు అయినట్టు ఉండేది నాకు.

ఆ ఆదివారాలే ఆయనకు దక్కిన గౌరవం. ఇంట్లో అన్నలు విగ్రహాలు చేస్తుంటే తాను కాగితాలు తిప్పుకునే మనిషి. ఒకసారి పద్మజ అడిగితే చెప్పాడు: "మా ఇంట్లో నన్ను ఏ పనికీ సలహా అడగరు పాప. ఈడ మీరు నన్ను అడుగుతాండారు. అందుకే ఆదివారం కూడా వస్తాండా." ఆ మాట నేనూ విన్నాను. విని కూడా ఆ పని చేశాను.

రెండో ఏడాది సులోచన అనే అమ్మాయి చేరింది. బండి ఆత్మకూరు దగ్గరి పల్లె. మాట తడబడేది. పేరు చెప్పడానికే నాలుగుసార్లు ఊపిరి తీసుకునేది. ఆమె కాగితం మీద ఆయన "నిప్పు" అని రాశాడు. ఆమె ఆ కాగితాన్ని మడిచి పుస్తకంలో పెట్టుకుని తిరిగింది. నెల తిరక్కుండానే నా దగ్గరికి వచ్చి, వక్తృత్వ పోటీకి పేరు రాసుకోమంది. జట్టు నాయకురాలిని కనుక పట్టీ నా చేతిలోనే ఉండేది. రాసుకున్నాను. రాసుకుంటూ అనుకున్నాను, ఇది ఎలా సాధ్యం? ఆమె జవాబులు నేను చూశాను. అన్నీ నిలబడతాను, ఊరుకుంటాను, తరువాత చూస్తాను. ఏ లెక్కన చూసినా నిప్పు రాదు.

సందేహం కలిగితే పరీక్షించాలని నాకు నేర్పారు. సులోచన దగ్గర కాగితం చూస్తానని అడిగి తీసుకున్నాను. నింపని ప్రశ్నల కాగితం ఒకటి తెచ్చి, ఆమె జవాబులే ఒక్కటీ మారకుండా దాని మీద దించాను. "మళ్లీ రాసినానన్నా, మారిందేమో చూడు" అని ఇమ్మని పద్మజ చేతికిచ్చాను. పద్మజకు ఇదంతా ఒక తమాషా. ఆయన కాగితం నిమిరాడు, పద్మజ మొహం చూశాడు, "నది" అని రాశాడు.

ఆ తరువాతి ఆదివారం అంగడిలో పదిహేను మంది ఉన్నాం. సులోచన కూడా ఉంది. నేను రెండు కాగితాలూ బల్ల మీద పక్కపక్కన పెట్టాను. అప్పటిదాకా ఆయనను "నువ్వు" అన్నదాన్ని, ఆ రోజు "మీరు" అన్నాను. వేదిక మీద ఎదుటి పక్షాన్ని అలాగే సంబోధించాలని నేర్చుకున్నాను.

"అన్నా, ఈ రెండు కాగితాల్లో జవాబులు ఒకటేనా, కాదా? మీరే చూసి చెప్పండి."

ఆయన రెంటినీ నిమిరాడు. వేలు పెట్టి వరుసగా చూసుకుంటూ పోయాడు. తొందరపడలేదు.

"ఒకటేమ్మా."

"ఒకటే అయితే ఒకదానికి నిప్పు, ఒకదానికి నది ఎట్లా వచ్చాయి?"

"మనుషులు ఇద్దరు కదమ్మా."

నవ్వులు లేచాయి. నవ్వు వస్తే వాదన జారిపోతుందని నాకు తెలుసు. గొంతు పెంచాను.

"అంటే మీరు జవాబులు లెక్క వేయలేదు."

"వెయ్యలేదు."

"ఎప్పుడూ?"

"ఎప్పుడూ వెయ్యలేదు."

"మరి దీన్ని పరీక్ష అని మా చేత రాయించడం మోసం కాదా?"

ఆయన నా వైపు చూడలేదు. సులోచన వైపు చూశాడు. ఆమె మొహం అప్పటికే తెల్లబోయి ఉంది.

"అంటే... నా... నాది..." ఆమెకు తరువాతి మాట రాలేదు.

"నీది నిప్పేమ్మా" అన్నాడు ఆయన.

"ఆధారం?" అన్నాను నేను.

ఆయన మొదటిసారి తడబడ్డాడు. "రాసింది చూడలేదమ్మా, రాస్తాంటే చూసినా. ఎవరు కొట్టేసి రాస్తారు, ఎవరు చేయి అడ్డం పెట్టుకుంటారు, ఎవరు పక్కోళ్లది చూస్తారు, ఇట్లాంటివి. ఈ పాప పక్కామెకు పెన్ను లేకుంటే తన పెన్ను ఇచ్చేసింది. తను పెన్సిల్‌తో రాసింది. దాని ముక్కు విరిగితే పండ్లతో కొరికి మొన తీసి మళ్లీ రాసింది. ఎవర్నీ అడగలే, యాడా ఆగలే. అది చూసి రాసినా."

"అది ఆధారం కాదు, అభిప్రాయం."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. చర్చల్లో ఆ చప్పట్లు విన్నప్పుడు మెడ వెనక ఒక వెచ్చదనం పాకుతుంది. ఆ రోజూ పాకింది. దాచి లాభం లేదు.

"నువ్వు చెప్పేది నిజమే లాయరమ్మా" అన్నాడు ఆయన. "లెక్క ఏస్తానని మీరు అనుకుంటాండారని నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. అది తప్పే."

అని, బల్ల కింద మిగిలి ఉన్న ప్రశ్నల కాగితాల కట్ట తీసి పక్కన పడేశాడు. సులోచన లేచి వెళ్లిపోయింది. సోమవారం నా దగ్గరికి వచ్చి, పోటీ పట్టీలో తన పేరు మీద వేలు పెట్టి, "కొ... కొట్టేయక్కా" అంది. కారణం అడగలేదు నేను. గీత వంకర పోకూడదని స్కేలు పెట్టి మరీ కొట్టేశాను.

తరువాత ఆదివారాలు పలచబడ్డాయి. మూడో ఏడాదికి ఫోన్లు దగ్గర పెట్టుకోనిచ్చారు. అందరూ అసలు ప్రశ్నావళే చేసుకున్నారు. ఫలితం వచ్చేది, దాని ఫోటో తీసి ఒకరికొకరు పంపుకునేవారు, అంతటితో అయిపోయేది. దాని మీద ఎవరూ పోట్లాడుకోలేదు. ఆయన ఏ కాగితాన్నీ పారేయడు కనుక, మిగిలిన ప్రశ్నల కాగితాలను అచ్చు సరిగ్గా పడిందో లేదో చూసే చిత్తుపనికి వాడుకున్నాడు. మొదటివైపు పదో ప్రశ్న దాకా అచ్చు వేసి మానేసిన కట్ట అది, వెనకవైపు ఖాళీగానే ఉండింది. అంగడికి పోతే మునుపటిలాగే "ఏం లాయరమ్మా" అనేవాడు. మునుపటిలాగే కాగితం నిమిరేవాడు. నా వాదనలో ఎక్కడా తప్పు లేదు, ఇప్పుడు వెతికినా దొరకదు. నాకు తల ఎత్తుకోనివ్వనిది అదే. తప్పు వాదన చేసి ఉంటే క్షమాపణ అడగడం తేలికయ్యేది.

అడగడానికి ఒక సందర్భం వచ్చింది కూడా. చివరి పరీక్షలు అయిపోయి పెట్టె సర్దుకుని ఊరికి పోతున్నాను. మా ఊరు ఆళ్లగడ్డ దాటాక ఇంకో గంట. మధ్యాహ్నం బస్సు. ఎక్కి చూస్తే కిటికీ పక్కన ఆయన. అంగడి అర్ధపూటకే కట్టేసి పోతున్నట్టున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా భుజాలు లేస్తున్నాయి. ఒళ్లోని సంచి తీసి సీటు చూపించాడు.

"కూచో లాయరమ్మా. చదువు అయిపోయినట్టేనా?"

"అయిపోయిందన్నా. నీకు ఒంట్లో బాగలేదా?"

"పాతదే లేమ్మా. దుమ్ము వదిలినా అది నన్ను వదల్లే."

క్షమాపణకు నేను మాటలు కూర్చుకున్నాను. మొదటి వాక్యం, రెండో వాక్యం, ఏ మాట మీద ఆగాలో కూడా. బస్సు శిరివెళ్ల దాటింది. నేను మొదలుపెట్టేలోపు ఆయనే, కిటికీ బయటికి చూస్తూ, మామూలుగా అడిగినట్టు అడిగాడు.

"ఇంతమందికి రాసిచ్చినా గానీ నాకు రాసిచ్చినోళ్లు లేరమ్మా. నువ్వు చెప్పు. నాది ఏ వాకిలి?"

ఆ ప్రశ్న పూర్తి కాకముందే నాకు జవాబు తెలిసింది. పదిహేను మంది ముందు నేను వేసిన ప్రతి ప్రశ్నకూ, తప్పించుకునే దారి ఉండి కూడా, ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి ఆయన. ఆయనది అద్దం. అందులో వాదించడానికి ఏమీ లేదు. కానీ అద్దం నాది. దాన్ని ఇంకొకరికి ఇవ్వడానికి, అందునా నేను మోసగాడని తేల్చిన మనిషికి ఇవ్వడానికి, నాకు మనసు రాలేదు. ఆ పిసినారితనానికి నేను పద్ధతి అని పేరు పెట్టాను.

"ఊరికే చెప్పకూడదన్నా, అది న్యాయం కాదు. అసలు ప్రశ్నలు ఫోన్లో ఉన్నాయి. చేద్దామా?"

ఆయన నా వైపు తిరిగాడు. ఏదో అనబోయి, "సరే, అట్లనే కానీ" అన్నాడు.

ఒక్కో ప్రశ్న చదివి తెలుగులో చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని ఆలోచించి, ఆయాసం ఆపుకుని జవాబు చెప్పేవాడు. మూడు నాలుగు ప్రశ్నలకు ఒకసారి, "ఇట్లా చెప్తే సరిపోతాదామ్మా?" అని అడిగేవాడు. జవాబు నీ ఇష్టమన్నా అనేదాన్ని. అన్నీ అయ్యాయి. ఫలితం కోసం నొక్కాను. సిగ్నల్ లేదు. తెర మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది, బస్సు ఆళ్లగడ్డలో ఆగింది.

ఆయన మెట్లు దిగి, చుట్టూ తిరిగి, నేను జరిగి కూర్చున్న కిటికీ కిందికి వచ్చాడు.

"ఏమొచ్చిందమ్మా?"

"ఇంకా తిరుగుతాంది అన్నా."

"సరే, చూడు" అన్నాడు.

ఒక్క మాట. రెండు అక్షరాలు. చెప్పడానికి సిగ్నల్ అక్కర్లేదు. నేను తెర వైపే చూస్తూ కూర్చున్నాను. డ్రైవరు టీ తాగి వచ్చేదాకా బస్సు అక్కడే ఆగింది. అంతసేపూ ఆయన సంచి చేత్తో పట్టుకుని, ఎండలో, కిటికీ కిందే నిలబడి ఉన్నాడు.